ఉత్తర తెలంగాణ నదులపై పడవ విహారం, రాత్రి బస: నియమాలు

ఉత్తర తెలంగాణలో గోదావరి మీద, దాని ఉపనదుల మీద సరదాకు పడవ నడపడానికీ, ఆ నదుల ఒడ్డున రాత్రి గడపడానికీ ప్రత్యేకంగా చేసిన చట్టం ఏదీ లేదు. పడవకు ఒక చట్టం, నీటికి ఒకటి, ఒడ్డున ఉన్న నేలకు మరొకటి, ఆ నేల అడవి అయితే ఇంకొకటి వర్తిస్తాయి. కాబట్టి ఒక విహారయాత్ర మొదలై ముగిసేలోగా నీటిపారుదల శాఖ, పర్యాటక శాఖ, అటవీ శాఖ, రెవెన్యూ, పోలీసు, గ్రామపంచాయతీల పరిధులను దాటవచ్చు. ఉమ్మడి కరీంనగర్, ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలలో ఈ నియమాల స్వరూపం, వాటి వెనక ఉన్న కారణాలు, అమలు తీరు ఈ వ్యాసంలోని విషయాలు.

నదులు, జలాశయాలు

గోదావరి నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద తెలంగాణలోకి వస్తుంది. మంజీర, హరిద్ర అక్కడే అందులో కలుస్తాయి. బాసర దాటిన తర్వాత నది శ్రీరాంసాగర్ జలాశయంలో నిలుస్తుంది. పోచంపాడు ప్రాజెక్టుగా ప్రజలు పిలుచుకునే ఈ ఆనకట్టకు 1963 జులై 26న ప్రధాని నెహ్రూ శంకుస్థాపన చేశారు. అక్కడి నుంచి ధర్మపురి, మంచిర్యాల, మంథని ప్రాంతాల మీదుగా కాళేశ్వరం వైపు సాగే గోదావరి ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలకు హద్దు. ఉత్తరపు ఒడ్డున కడెం వాగు, దక్షిణపు ఒడ్డున అరెంద వద్ద మానేరు ఇందులో కలుస్తాయి. వార్ధా, వైన్‌గంగ కలిసి ప్రాణహితగా మారి, మహారాష్ట్ర సరిహద్దు వెంట ప్రవహించి కాళేశ్వరం వద్ద గోదావరిని చేరుతాయి. ఆదిలాబాద్‌కు ఉత్తరాన పెన్‌గంగ రెండు రాష్ట్రాల మధ్య హద్దు.

ఈ నదులు చాలాచోట్ల గేట్ల వెనక నిలిచిన నీళ్లు, లేదా గేట్ల కింద పారే నీళ్లు. మానేరు మీద ఎగువ, మధ్య, దిగువ మానేరు జలాశయాలున్నాయి. కడెం మీద 18 గేట్ల ఆనకట్ట ఉంది. గోదావరి మీద శ్రీరాంసాగర్ దిగువన శ్రీపాద ఎల్లంపల్లి, సుందిళ్ల, అన్నారం, మేడిగడ్డ నిర్మాణాలు వరుసగా వస్తాయి. ఇక్కడి విహార నియమాలలో ఎక్కువ భాగం ఈ గేట్ల చుట్టూ అల్లుకున్నవే.

2016 అక్టోబరు 11న జిల్లాల పునర్విభజన జరిగాక పరిపాలన హద్దులు ఇంకా పెరిగాయి. గోదావరికి ఉత్తరాన నిర్మల్, మంచిర్యాల జిల్లాలు, దక్షిణాన జగిత్యాల, పెద్దపల్లి జిల్లాలు ఉన్నాయి. ఒక ఒడ్డున పడవ ఎక్కి ఎదుటి ఒడ్డున దిగినవారు ఒక కలెక్టరు పరిధి నుంచి మరో కలెక్టరు పరిధిలోకి వెళ్లినట్టే. పోలీసు పరంగా మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలు రెండూ రామగుండం కమిషనరేట్ కిందికే వస్తాయి.

నది ఎవరిది?

నిజాం కాలం నాటి 1317 ఫసలీ భూమి రెవెన్యూ చట్టం తెలంగాణలో నదులు, వాగులు, చెరువులు, పారే నీళ్లు ప్రభుత్వానివని చెబుతుంది. సాగునీటి వనరుల నిర్వహణకు 1357 ఫసలీ నాటి నీటిపారుదల చట్టం ఆధారం. భూగర్భజలాలు, చెట్లు, ఇసుక తవ్వకాల విషయాలను 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ (వాల్టా) చట్టం చూస్తుంది.

ప్రభుత్వానిది అంటే ప్రభుత్వం ఇష్టం వచ్చినట్టు అమ్ముకోదగినదని అర్థం కాదు. హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున ఒక మోటల్ కోసం నదీగమనాన్నే మళ్లించిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పు ఇక్కడ ముఖ్యం. ఎం.సి. మెహతా, కమల్‌నాథ్ కేసుగా ప్రసిద్ధమైన ఆ తీర్పు నదులు, అడవులు, తీరాలు ప్రజల ఉమ్మడి ఆస్తి అని, ప్రభుత్వం వాటికి ధర్మకర్త మాత్రమేనని స్పష్టం చేసింది. నది ఒడ్డును కొందరి విలాసానికి అప్పగించి మిగతావారిని దూరం పెట్టడం ఈ సూత్రానికి విరుద్ధం.

తీరంలో శాశ్వత కట్టడాలకు 2012 నాటి భవన నిర్మాణ నియమాలు హద్దు గీశాయి. పట్టణ పరిధి బయట నది హద్దు నుంచి 100 మీటర్లు, పట్టణ పరిధి లోపల 50 మీటర్ల వరకు భవనాలు కట్టరాదు. పెద్ద చెరువులు, జలాశయాల పూర్తి నీటిమట్టం చుట్టూ కూడా ఖాళీ జాగా వదలాలి. రిసార్టులు, కాంక్రీటు కుటీరాలు ఈ నియమం కిందికే వస్తాయి.

యంత్రంతో నడిచే పడవలు

దేశంలోని నదులు, కాలువలు, జలాశయాలలో తిరిగే యంత్రపు పడవలకు 1917 నుంచి ఒక చట్టం ఉండేది. దాని స్థానంలో వచ్చిన అంతర్దేశీయ నౌకల చట్టం, 2021 మరుసటి ఏడాది అమల్లోకి వచ్చింది. దీని ప్రకారం యంత్రపు పడవను రాష్ట్ర ప్రభుత్వం నియమించిన సర్వేయరు పరీక్షించి ధ్రువపత్రం ఇవ్వాలి, రిజిస్ట్రారు వద్ద నమోదు కావాలి, నడిపేవారికి అర్హత పత్రం ఉండాలి, బీమా ఉండాలి. ప్రాణరక్షణ సామగ్రి, అగ్నిమాపక పరికరాలు, రాత్రివేళ దీపాలు, శబ్ద సంకేతాలు తప్పనిసరి. నూనె, మురుగు, చెత్త నీటిలో వదలకూడదు. జలభాగాలను అలల తీవ్రతను బట్టి రాష్ట్రాలు మండలాలుగా విభజించి, ఏ పడవ ఎక్కడ తిరగవచ్చో నిర్ణయిస్తాయి.

పాత చట్టం కింద ఒక రాష్ట్రంలో నమోదైన పడవ మరో రాష్ట్రంలో తిరగాలంటే చిక్కులు ఉండేవి. కొత్త చట్టం కింద నమోదు దేశమంతటా చెల్లుతుంది. ప్రాణహిత, పెన్‌గంగ వంటి సరిహద్దు నదులకు ఈ మార్పు ఉపయోగకరం. 2016 నాటి జాతీయ జలమార్గాల చట్టం పెన్‌గంగ–వార్ధా, వైన్‌గంగ–ప్రాణహితలను కూడా జాతీయ జలమార్గాల జాబితాలో చేర్చింది. ఎండాకాలంలో మోకాలి లోతు కూడా ఉండని ఈ నదులలో పెద్ద పడవల రాకపోకలు మాత్రం కాగితం మీది మాటగానే ఉన్నాయి.

2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో కూడా పడవలకు సంబంధించిన సెక్షన్లున్నాయి. నిర్లక్ష్యంగా పడవ నడపడం 282వ సెక్షన్ కింద నేరం. సురక్షితం కాని పడవలో గానీ, మోతాదుకు మించి ఎక్కించిన పడవలో గానీ కిరాయికి మనుషులను తీసుకెళ్లడం 284వ సెక్షన్ కిందికి వస్తుంది. ప్రాణనష్టం జరిగితే 106వ సెక్షన్ తోడవుతుంది.

జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2017లో పడవల భద్రతపై మార్గదర్శకాలు విడుదల చేసింది. పడవ ఎంత బరువు మోయగలదో తెలిపే గీతను దాని పక్కన రంగుతో గీయడం, ఎక్కించదగిన మనుషుల సంఖ్యను కనిపించేలా రాయడం, లైఫ్‌జాకెట్ తొడుక్కున్నాకే ఎక్కనివ్వడం, గాలివాన సమయంలో ప్రయాణం ఆపడం అందులో ప్రధానమైనవి. ఆ గీత నీటిలో మునిగితే పడవలో బరువు ఎక్కువైందన్న మాట. చదువు రానివారు కూడా ఒడ్డున నిలబడి చూసి గుర్తుపట్టగల హెచ్చరిక అది.

నాటు పడవలు, తెప్పలు, కయాక్‌లు

గోదావరి, ప్రాణహిత తీరగ్రామాలలో మనుషులను దాటించేది నాటు పడవలే. జలాశయాలలో చేపలవేటకు తెప్పలు, థర్మాకోల్ దిమ్మెలు వాడతారు. 2021 చట్టం యంత్రం లేని ఇలాంటి పడవలను కూడా గుర్తించింది. వాటి వివరాలను స్థానిక స్థాయిలో నమోదు చేయించి, కనీస భద్రతా ప్రమాణాలు నిర్ణయించే బాధ్యత రాష్ట్రాలది. విహారానికి వాడే తెడ్డు పడవలు, గాలి నింపిన రబ్బరు పడవలు, కయాక్‌లు కూడా ఈ కోవలోకే వస్తాయి. సాహస క్రీడలు నిర్వహించే సంస్థలకు కేంద్ర పర్యాటక శాఖ 2018లో తెచ్చిన మార్గదర్శకాలు వర్తిస్తాయి. శిక్షణ పొందిన గైడు, రక్షణకు వెంట వచ్చే మరో పడవ, ప్రథమ చికిత్స, వాతావరణం చూసి యాత్రను రద్దుచేసే అధికారం వాటిలో ఉన్నాయి.

నాటు పడవను విహారానికి కిరాయికి తీసుకోవడం ప్రమాదకరమైన అలవాటు. 2019 డిసెంబరులో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ప్రాణహిత దాటుతుండగా నాటు పడవ బోల్తాపడి ఇద్దరు అటవీ బీటు అధికారులు మరణించారు. విధి నిర్వహణలో, నది తెలిసిన మనుషులతో వెళ్లినవారికే అలా జరిగింది. కొత్తగా వచ్చినవారికి లైఫ్‌జాకెట్ లేని నాటు పడవ ఏ మాత్రం తగదు.

జలాశయాలలో విహారం

జలాశయం నీటిపారుదల శాఖ అధీనంలో ఉంటుంది. ఆ శాఖ అనుమతితో పర్యాటకాభివృద్ధి సంస్థ పడవలు నడుపుతుంది. కరీంనగర్‌ను ఆనుకుని ఉన్న దిగువ మానేరు జలాశయం ఇందుకు ప్రధాన ఉదాహరణ. సుమారు 24 టీఎంసీల నిల్వ సామర్థ్యం, 920 అడుగుల పూర్తి నీటిమట్టం గల ఈ జలాశయాన్ని ఎల్ఎండీ అంటేనే జనానికి తెలుస్తుంది. కడెం జలాశయంలోనూ పర్యాటక శాఖ బోటింగ్ ఉంది.

ఈ కేంద్రాలలో పడవ విహారం పగటిపూటకే పరిమితం. వరద వచ్చి గేట్లు ఎత్తినా, ఈదురుగాలులు వీచినా బోటింగ్ నిలిపివేస్తారు. ఆనకట్ట, గేట్లు, తూములు, పంపుహౌస్‌ల సమీపానికి పడవ వెళ్లకూడదు. 2021 నాటి ఆనకట్టల భద్రత చట్టం వచ్చాక పెద్ద ఆనకట్టలకు అత్యవసర కార్యాచరణ ప్రణాళిక, దిగువ ప్రజలకు హెచ్చరిక వ్యవస్థ ఉండాలన్న నియమం బలపడింది.

ఎల్ఎండీ నీళ్లు కరీంనగర్‌కు తాగునీరు. ఎల్లంపల్లి జలాశయం నుంచి హైదరాబాద్‌కు తాగునీరు వెళుతుంది. ప్రజలు వాడే జలవనరును పాడుచేయడం న్యాయ సంహిత 279వ సెక్షన్ కింద శిక్షార్హం. 1974 నాటి జలకాలుష్య నివారణ చట్టం కూడా ప్రవాహాలలో కలుషితాలు కలపడాన్ని నిషేధిస్తుంది. లక్షల ఇళ్ల కుళాయిలలోకి పోయే నీటిలో ప్లేట్లు కడగడం, సీసాలు పారేయడం ఎవరి హక్కూ కాదు.

చేపల హక్కు మరో ముఖ్య విషయం. జలాశయాలలో, చెరువులలో వేట హక్కు లైసెన్సు పొందిన మత్స్యకారులది, మత్స్య సహకార సంఘాలది. ముదిరాజ్, గంగపుత్ర, బెస్త కులాలవారి బతుకు దీని మీదే ఆధారపడి ఉంది. సాయంత్రం కట్టిన వలను తెల్లవారుజామున తీస్తారు. నీటిపై తేలే బెండ్లు వల ఉన్న చోటును చూపిస్తాయి. వేగంగా పోయే మోటారు బోటు వాటి మీదుగా వెళితే వేల రూపాయల వల తెగిపోతుంది. బెండ్లు కనిపించిన చోట దూరంగా తప్పుకుని వెళ్లడం, సంఘం అనుమతి లేకుండా గాలం వేయకపోవడం విహారికి కనీస ధర్మం.

గేట్లు, వరద, ఇసుక తిన్నెలు

ఈ ప్రాంతపు నదులలో నీటిమట్టం ఆకాశాన్ని చూసి తెలియదు. పైన మబ్బు లేకపోయినా, వందల కిలోమీటర్ల ఎగువన కురిసిన వానకు గేట్లు ఎత్తితే రాత్రికి రాత్రే నది నిండుతుంది. ఎగువన మహారాష్ట్రలో గోదావరిపై ఉన్న బాబ్లీ ప్రాజెక్టుపై సుప్రీంకోర్టు 2013 ఫిబ్రవరి 28న ఇచ్చిన తీర్పు ప్రకారం మహారాష్ట్ర ఏటా జులై 1 నుంచి అక్టోబరు 28 వరకు ఆ గేట్లు తెరిచి ఉంచాలి. మార్చి 1న 0.6 టీఎంసీల నీరు దిగువకు వదలాలి. కాబట్టి ఎగువ గోదావరిలో ఎండాకాలం మొదట్లో కూడా ఒక్కసారిగా నీళ్లు రావచ్చు.

కడెం సంగతి ఇంకా తీవ్రం. 2022 జులైలో ఈ జలాశయానికి 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. గేట్ల నుంచి వదలగలిగింది సుమారు 3 లక్షల క్యూసెక్కులే. ఆనకట్ట నిలుస్తుందా లేదా అని దిగువ గ్రామాలను ఖాళీ చేయించారు. కొండల మధ్య నుంచి వచ్చే ఇలాంటి నదులలో వరద గంటలలోనే ముంచుకొస్తుంది.

గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగించడం, దిగువ గ్రామాలలో చాటింపు వేయించడం ఆనవాయితీ. నదీ పరివాహక ప్రాంత ప్రజలు, పశువుల కాపరులు, మత్స్యకారులు నదిలోకి దిగవద్దని ప్రకటనలు వెలువడతాయి. అయితే చాటింపు ఊళ్లకు చేరుతుంది. ఊరికి దూరంగా, నది నడుమ ఇసుక తిన్నె మీద డేరా వేసుకుని నిద్రపోయేవారికి అది వినబడదు.

తెలుగువారు మరిచిపోకూడని ఉదాహరణ బియాస్ దుర్ఘటన. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లాలో, లార్జీ జలవిద్యుత్ కేంద్రం నుంచి నీరు వదలడంతో నది నడుమ రాళ్ల మీద ఉన్న హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. మెలకువగా ఉన్న విద్యార్థులకే తప్పుకునే వ్యవధి దొరకలేదు. నదీగర్భంలో, అంటే రెండు ఒడ్ల మధ్య ఉన్న ఇసుక మీద, రాత్రి బస చేయరాదన్న నియమానికి ఇంతకన్నా రుజువు అక్కరలేదు.

ఇసుక తవ్వకాలు మరో ప్రమాదం తెచ్చాయి. మానేరు, గోదావరి గర్భంలో యంత్రాలు తవ్విన గోతులు నీరు నిండాక పైకి కనబడవు. మోకాలి లోతు అనుకుని దిగినవారు రెండు అడుగుల దూరంలో నిలువు లోతులో పడతారు. చెక్‌డ్యాముల వెనక కూడా ఇలాంటి లోతే ఉంటుంది. 2021 నవంబరులో సిరిసిల్ల వద్ద మానేరు చెక్‌డ్యామ్ దగ్గర ఈతకు దిగిన బడిపిల్లలు మునిగి చనిపోయారు. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగిన తర్వాత మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీల గేట్లు తెరిచి ఉంచడంతో విశాలమైన ఇసుక మేటలు బయటపడ్డాయి. మేట పక్కనే లోతైన మడుగులు ఉండటం అక్కడ సాధారణం. ప్రమాదకరమైన చోట్ల కలెక్టరు గానీ పోలీసు కమిషనరు గానీ భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద నిషేధాజ్ఞలు ఇవ్వవచ్చు. వాటిని ఉల్లంఘించడం నేరం.

రాత్రి బస: నేలను బట్టి నియమం

నది ఒడ్డున డేరా వేసుకునేవారు ముందుగా తెలుసుకోవలసింది ఆ నేల ఎవరిదన్న సంగతి.

నదీగర్భం, పోరంబోకు ప్రభుత్వ భూమి. అక్కడ ఒక రాత్రి గడిపినందుకే శిక్ష వేసే ప్రత్యేక నిబంధన కనిపించకపోయినా, బస చేసే హక్కు ఎవరికీ లేదు. తహసీల్దారు, పోలీసులు ఎప్పుడైనా ఖాళీ చేయించవచ్చు. డేరాలు వేసి డబ్బు వసూలు చేయాలంటే రెవెన్యూ, నీటిపారుదల, పర్యాటక శాఖల అనుమతి అవసరం.

పట్టా భూమిలో రైతు అనుమతి చాలు. అదే వ్యాపారంగా మారితే పంచాయతీ అనుమతి, పోలీసులకు సమాచారం, వచ్చినవారి వివరాల నమోదు అవసరమవుతాయి.

ఉమ్మడి ఆదిలాబాద్‌లో చాలా భాగం షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలు, 1970 సవరణ కింద అక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, కౌలుకు ఇవ్వడమూ చెల్లదు. 1/70 చట్టంగా పేరుపడ్డ ఈ నిబంధన వల్ల బయటి వ్యాపారులు అక్కడ నదీతీర రిసార్టులు పెట్టడం కుదరదు. షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీల వ్యవస్థను విస్తరించిన 1996 నాటి పెసా చట్టం చిన్న జలవనరుల నిర్వహణలో గ్రామసభకూ పంచాయతీకీ పాత్ర ఇచ్చింది. గ్రామ పటేల్‌ను కలిసి, ఊరివారి సమ్మతితో బస చేయడం చట్టానికీ మర్యాదకూ సరిపోయే పద్ధతి.

రిజర్వు అడవిలో అనుమతి లేకుండా ప్రవేశించడం, నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం కింద నేరాలు. ఫిబ్రవరి నుంచి మే వరకు టేకు ఆకు రాలి నేలంతా ఎండిన పరుపులా ఉంటుంది. ఆర్పామనుకున్న పొయ్యి నుంచి ఎగిరిన నిప్పురవ్వ ఒక బీటు మొత్తాన్ని తగలబెట్టగలదు.

అభయారణ్యాలు, పులుల రక్షిత ప్రాంతం

నదులను ఆనుకుని ఈ ప్రాంతంలో మూడు ముఖ్యమైన రక్షిత ప్రాంతాలున్నాయి. కవ్వాల్ 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటితమైంది. దాని ప్రధాన భాగం సుమారు 893 చదరపు కిలోమీటర్లు, చుట్టూ ఉన్న బఫర్ సుమారు 1,123 చదరపు కిలోమీటర్లు. కడెం వాగు ఈ అడవుల నీరే. 136 చదరపు కిలోమీటర్లలో విస్తరించిన ప్రాణహిత అభయారణ్యం కృష్ణజింకలకు పేరుపొందింది. మంచిర్యాల, పెద్దపల్లి జిల్లాలలో గోదావరి వెంట ఉన్న శివ్వారం అభయారణ్యం సుమారు 30 చదరపు కిలోమీటర్లే అయినా మగ్గర్ జాతి మొసళ్లకు నెలవు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ ప్రకారం అభయారణ్యంలోకి అక్కడి నివాసులు, విధుల్లో ఉన్న ఉద్యోగులు, హక్కుదారులు, ప్రజామార్గం వెంట వెళ్లేవారు తప్ప మిగతావారు పర్మిట్ లేకుండా రాకూడదు. పర్యాటకానికి 28వ సెక్షన్ కింద పర్మిట్ ఇస్తారు. 30వ సెక్షన్ నిప్పు పెట్టడాన్ని, 31వ సెక్షన్ ఆయుధాలతో ప్రవేశాన్ని నిషేధిస్తాయి. జాతీయ పులుల సంరక్షణ సంస్థ 2012లో జారీచేసిన మార్గదర్శకాలు పులుల ప్రధాన ఆవాసంలో పర్యాటక విస్తీర్ణాన్ని 20 శాతానికి మించనివ్వవు, అక్కడ కొత్త బస నిర్మాణాలను ఒప్పుకోవు. కవ్వాల్ చూడదలచినవారు జన్నారంలోని పర్యాటక వసతిలో దిగి, అటవీ శాఖ సఫారీలో పగటిపూట వెళ్లడం సరైన మార్గం.

మొసలి ఉన్న ఒడ్డున నియమం ఇంకా కఠినంగా ఉండాలి. ఎండాకాలంలో ఆడ మొసలి ఒడ్డు ఇసుకలో గొయ్యి తీసి గుడ్లు పెట్టి, అక్కడే కాపలా ఉంటుంది. మనిషికి డేరా వేయడానికి నచ్చే మెత్తని, ఏటవాలు ఇసుక ఒడ్డే దానికీ నచ్చుతుంది. శివ్వారం పరిసరాలలో నీటి అంచున పడుకోవడం మనిషికీ మొసలికీ ఇద్దరికీ చేటు.

సంప్రదాయ బసలు, పుష్కరాలు

నది ఒడ్డున రాత్రి గడపడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. కేస్లాపూర్ నాగోబా జాతరకు ముందు గోండులలోని మెస్రం వంశస్థులు కాలినడకన బయల్దేరి, దారిలో ఊళ్లలో బస చేస్తూ జన్నారం మండలం కలమడుగు దగ్గరి హస్తినమడుగు చేరుతారు. అక్కడ గోదావరి జలాన్ని ఝరి అనే పాత్రలో నింపుకుని వెనుదిరిగి, కేస్లాపూర్ మర్రిచెట్ల కింద విడిది చేసి, పుష్య అమావాస్య నాడు నాగోబాకు అభిషేకం చేస్తారు. ఇది విహారం కాదు, తరతరాల ఆచారం. 2006 నాటి అటవీ హక్కుల చట్టం చేపలు, జలవనరుల ఉత్పత్తులు, కాలానుగుణ వినియోగం వంటి సామూహిక హక్కులను గుర్తించింది. ఆదివాసులకు ఉన్న ఈ హక్కులను చూపి పర్యాటకులు తమకూ అదే వెసులుబాటు కోరడం తగదు.

పుష్కరాల వేళ ప్రభుత్వమే బస ఏర్పాటు చేస్తుంది. 2015 జులైలో గోదావరి పుష్కరాలు, 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలు, 2025 మే 15 నుంచి 26 వరకు కాళేశ్వరంలో సరస్వతీ పుష్కరాలు జరిగాయి. కాళేశ్వరంలో యాత్రికులకు డేరాల నగరం వేశారు. ఘాట్ల వద్ద నీటిలో అడ్డుకట్టలు, గజ ఈతగాళ్లు, దీపాలు, మరుగుదొడ్లు, వైద్య శిబిరాలు ఉంటాయి. ఒక నదీతీర బస సురక్షితంగా ఉండటానికి ఏవేవి కావాలో ఈ ఏర్పాట్లే చెబుతాయి. పుష్కరాలు లేని రోజుల్లో ఆ రక్షణ ఏదీ ఉండదు. 2025 జూన్‌లో బాసర వద్ద స్నానానికి దిగిన ఐదుగురు యువకులు గోదావరిలో మునిగి మరణించారు.

పొరుగు అనుభవాలు

తెలుగునేలపై పడవ విహారం, రాత్రి బస రెండూ కలిసి పేరుపొందింది పాపికొండల యాత్రలో. కొల్లూరు ఇసుక తిన్నెల మీది వెదురు గుడిసెలలో రాత్రి గడిపే ఏర్పాటు ఉండేది. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద వరద గోదావరిలో మునిగిన పడవలో 77 మంది ఉండగా 26 మందే బతికి బయటపడ్డారు. మృతులలో వరంగల్ ప్రాంతంవారు కూడా ఉన్నారు. అంతకుముందు 2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణా నదిలో పవిత్ర సంగమం వద్ద అనుమతి లేని పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. కచ్చులూరు తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో బయల్దేరే రేవుల వద్ద కంట్రోల్ రూములు పెట్టి, ప్రయాణికుల జాబితా, పడవ పత్రాలు, వరద మట్టం చూశాకే పడవను వదిలే పద్ధతి వచ్చింది.

రిషీకేశ్ వద్ద గంగ ఒడ్డు ఇసుకపై వెలసిన శిబిరాలను జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015 డిసెంబరులో నిషేధించింది. రాఫ్టింగ్‌ను మాత్రం కొనసాగనిచ్చింది. నీటి మీద విహారం, నది ఒడ్డున బస రెండు వేరు విషయాలని, రెండో దాని భారం నదిపై ఎక్కువని ఈ తేడా తెలుపుతుంది.

స్కాట్లండ్‌లో 2003 నాటి భూసంస్కరణ చట్టం బాధ్యతగా ప్రవర్తించే ఎవరికైనా నదులు, సరస్సులపై పడవ నడిపే హక్కును, డేరా వేసుకునే హక్కును ఇచ్చింది. జనం తాకిడి పెరిగిన లాక్ లోమండ్ సరస్సు తీరాలలో మాత్రం 2017 నుంచి మార్చి–సెప్టెంబరు మధ్య పర్మిట్ పెట్టారు. అమెరికాలో గ్రాండ్ కెన్యన్ గుండా సొంతంగా పడవలో వెళ్లాలంటే లాటరీలో పర్మిట్ రావాలి. మానవ విసర్జితాలతో సహా చెత్తనంతా మూటగట్టి వెంట తెచ్చుకోవాలి, నిప్పును లోహపు పళ్లెంలోనే రాజేయాలి. హక్కు ఎంత విశాలంగా ఉన్న దేశంలోనైనా బాధ్యత దాని వెంటే ఉంది.

విహారి పాటించవలసినవి

పై చట్టాలు, అనుభవాలన్నిటి సారం కొన్ని నియమాలలో ఇముడుతుంది. జూన్ నుంచి అక్టోబరు చివరి వరకు నదిలో పడవ విహారం, తీరంలో బస రెండూ మానుకోవాలి. మిగతా నెలల్లో ఎగువ ప్రాజెక్టు నుంచి నీటి విడుదల ఉందో లేదో నీటిపారుదల శాఖను అడిగి తెలుసుకోవాలి. డేరా రెండు ఒడ్ల మధ్య కాక, పాత వరద గుర్తుకు పైన, ఊరికి అందుబాటులో వేయాలి. స్థానిక పోలీసు స్టేషన్‌కు, గ్రామ పంచాయతీకి పేర్లు, మనుషుల సంఖ్య, తిరిగి వెళ్లే రోజు చెప్పాలి. చీకటి పడ్డాక పడవ తీయకూడదు, ఈతకు దిగకూడదు. బహిరంగ ప్రదేశంలో మద్యం తాగడం నేరం, తాగి నీటిలో దిగడం ప్రాణాంతకం. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులలో చాలావాటిపై 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం ఉంది. తెచ్చుకున్నది ఏదైనా తిరిగి తీసుకెళ్లాలి. ఆపదలో 112కు, వైద్య సహాయానికి 108కి ఫోన్ చేయాలి.

ప్రస్తుత స్థితి

ఉత్తర తెలంగాణలో పడవ విహారానికి గుర్తింపు పొందిన కేంద్రాలు జలాశయాల దగ్గరే ఉన్నాయి. నది వెంట పడవలో సాగి, మధ్యలో రాత్రి ఆగి, మర్నాడు ముందుకు వెళ్లే యాత్రకు ఒకే చోట అనుమతి ఇచ్చే ఏర్పాటు లేదు. అందువల్ల నియమాలు తెలిసినవారు వెనకాడుతున్నారు, తెలియనివారు ప్రాణాల మీదికి తెచ్చుకుంటున్నారు. బస చేయదగిన ఒడ్లను గుర్తించి రాళ్లు పాతడం, వరద గుర్తులను రంగుతో చూపడం, గేట్ల సమాచారం తీరంలో ఉన్నవారి ఫోన్లకు చేరేలా చూడటం, పడవ నడిపే పనిని స్థానిక మత్స్యకారులకూ ఆదివాసీ యువకులకూ శిక్షణ ఇచ్చి అప్పగించడం పెద్ద ఖర్చుతో కూడిన పనులు కావు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. లక్షల మంది ఈ ఒడ్లకు చేరేలోగా ఆ పనులు పూర్తి కావాలి.